తెల్ల బొమ్మ వెనక వెట్టి

కృత్రిమ మేధ మీద పేపర్లో వార్త పడితే పక్కనే ఒక బొమ్మ పడుతుంది. ఏ పేపరయినా, ఏ భాషయినా ఆ బొమ్మ దాదాపు ఒకటే. చుట్టూ నీలం వెలుతురు. మధ్యలో తెల్లగా నిగనిగలాడే ఒక మరమనిషి గడ్డం కింద వేలు పెట్టుకుని ఆలోచిస్తూ వుంటుంది. అది కాకపోతే నరాల బదులు వైర్లతో అల్లిన మెదడొకటి గాలిలో తేలుతూ వుంటుంది. అదీ కాకపోతే మనిషి వేలూ మరమనిషి వేలూ ఒకదాన్నొకటి అంటబోతూ వుంటాయి. ఈ చివరిది రోములో సిస్టీన్ ప్రార్థనా మందిరం కప్పు మీద మైకెలాంజిలో 1508-1512 మధ్య వేసిన బొమ్మకి నకలు. అందులో దేవుడు ఆదాముకి ప్రాణం పోస్తుంటాడు. అదే బొమ్మ ఇప్పుడు ఇంజనీరింగు కాలేజీల హోర్డింగుల మీదా, కోచింగు సెంటర్ల గోడల మీదా, ప్రభుత్వ సభల ఫ్లెక్సీల మీదా కనబడుతోంది.

పురాణాన్ని చదివాం, సినిమాని చదివాం, పాఠ్యపుస్తకాన్ని చదివాం. వాటిల్లో కులం ఎక్కడ దాక్కుందో చూపించాం. ఈ బొమ్మని మాత్రం ఎవరూ చదవలేదు. ఇది సైన్సుకి సంబంధించిందనీ, సైన్సుకి కులం లేదనీ వదిలేశాం. కానీ బొమ్మ సైన్సు కాదు. సైన్సు గురించి జనానికి చెప్పే కథ అది. కథన్నాక అందులో ఎవరిని కూర్చోబెట్టారు, ఎవరిని బయట నిలబెట్టారు అనే ప్రశ్న వస్తుంది. దాన్ని చూసినవాళ్ళు దేన్ని నమ్ముతారు, దేనికి భయపడతారు అనేది దాని వెనకాలే వస్తుంది. ఈ వ్యాసం చెప్పేది ఇంతే: కృత్రిమ మేధ బొమ్మ మేధని చూపించి శ్రమని దాస్తోంది. శ్రమని దాచే పని ఈ దేశంలో కొత్తగా మొదలయింది కాదు కాబట్టి ఆ బొమ్మ ఇక్కడ ఇంత తేలిగ్గా ఇమిడిపోయింది.

రోబో అంటే వెట్టివాడు

ముందు మాట సంగతి చూద్దాం. 'రోబో' అనే మాట చెక్ రచయిత కరెల్ చాపెక్ 1920లో రాసిన 'ఆర్.యు.ఆర్.' అనే నాటకం నుంచి వచ్చింది. మాటని సూచించింది అతని అన్న జోసెఫ్. చెక్ భాషలో 'రోబోటా' అంటే రైతు భూస్వామికి కూలి లేకుండా చేసి తీరాల్సిన పని. ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఆ పద్ధతిని 1848లో రద్దు చేశారు. మన తెలంగాణలో దీన్నే వెట్టి అన్నారు. దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డవాడికీ, కబురు మోసినవాడికీ, తోలు తెచ్చి ఇచ్చినవాడికీ ఈ మాట ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కాబట్టి రోబో అనే మాటని తెలుగు చెయ్యమంటే 'మరమనిషి' అని చెయ్యకూడదు. 'వెట్టివాడు' అని చెయ్యాలి. 

చాపెక్ నాటకంలో రోబోలు ఇనుముతో చేసినవి కావు. మాంసం లాంటి పదార్థంతో తయారయి, మనుషుల్లాగే కనబడతాయి. పని చేస్తాయి, చివరికి తిరగబడతాయి. 1927లో వచ్చిన జర్మన్ సినిమా 'మెట్రోపోలిస్' మరమనిషికి మెరిసే లోహపు శరీరం ఇచ్చింది. ఆ సినిమాలో కార్మికులు నగరం కింద, నేల లోపల బతుకుతారు. యజమానులు పైన బతుకుతారు. మరమనిషి ఆడదాని రూపంలో వచ్చి కార్మికులని రెచ్చగొడుతుంది. 1984 నాటి 'టెర్మినేటర్' దగ్గరికి వచ్చేసరికి మరమనిషి మానవజాతినే తుడిచిపెట్టే హంతకుడయ్యాడు.

ఈ కథలన్నిట్లో వున్న భయం ఒకటే: పని చేసేవాడు ఒకనాటికి తిరగబడతాడు. ఇది ఎవరి భయం? పని చేయించుకునేవాడి భయం. గడీలో దొరకి వుండే భయం. వెట్టి చేసినవాడి మనమలకి ఈ భయాన్ని అరువు తెచ్చుకోవాల్సిన అవసరం ఏమీ లేదు. అయినా హాల్లో కూర్చుని మనమూ దొరతో పాటు భయపడతాం. బొమ్మకి అంత బలం వుంది.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ 1930 ప్రాంతంలో ఒక మరమనిషిని తయారుచేసి జనానికి ప్రదర్శించింది. దాని ముఖం నల్లజాతి మనిషి ముఖం. పేరు 'రాస్టస్'. నల్లవాళ్ళని ఎగతాళి చెయ్యటానికి తెల్లవాళ్ళు వాడుకునే పేరు అది. దాని నెత్తి మీద ఆపిల్ పండు పెట్టి బాణంతో కొట్టే ఆట చూపించేవాళ్ళు. అంటే యంత్రం నౌకరు అని ఒప్పుకున్న రోజున దానికి నల్ల తోలు తొడిగారు. యంత్రం తెలివయింది అని చెప్పాల్సిన రోజు వచ్చేసరికి తెల్ల తోలు తొడిగారు. రంగు ఊరికే రాలేదు. పనిని బట్టి, ఆ పనికిచ్చే గౌరవాన్ని బట్టి వచ్చింది.

తెలుపు ఒక్క జాతిదే కాదు

కేంబ్రిడ్జిలో పనిచేసిన స్టీఫెన్ కేవ్, కాంటా దిహాల్ అనే ఇద్దరు పరిశోధకులు 2020లో కృత్రిమ మేధ తెల్లదనం మీద ఒక వ్యాసం రాశారు. సినిమాల్లో, ఫోటోల్లో, కంపెనీలు తయారుచేసే మరమనుషుల్లో, మాట్లాడే యంత్రాల గొంతుల్లో ఈ తెల్లదనం ఎట్లా పరుచుకుందో చూపించారు. తెలివి, వృత్తి నైపుణ్యం, అధికారం - ఈ మూడూ తెల్లవాళ్ళ సొత్తు అని అనుకున్న సమాజం తెలివయిన యంత్రాన్ని తెల్లగానే ఊహించుకుంటుందని వాళ్ళ వాదన. ఆ ఊహలో సేవలన్నీ యంత్రం చేసిపెడుతుంది. నల్లవాళ్ళ అవసరమే లేకుండా పోతుంది.

ఆ వాదన మనకి పనికొస్తుంది గానీ సరిపోదు. ఇక్కడ తెలుపు ఒక్క జాతి రంగే కాదు, మడి రంగు కూడా. మురికి అంటనిది, చెమట పట్టనిది, వాసన రానిది, ఎవరూ ముట్టుకోనిది. ఆ తెల్ల మరమనిషిని ఒకసారి పరికించి చూడండి. దాని మీద మరక వుండదు, చేతులకి కాయలు వుండవు, కాళ్ళు నేలకి ఆనవు. చాలా బొమ్మల్లో అసలు కాళ్ళే వుండవు. నడుముదాకానో, మెడదాకానో వుంటుంది. విరాట్ పురుషుడి శరీరాన్ని ముక్కలు చేసి నోటికొక వర్ణాన్ని, కాళ్ళకొక వర్ణాన్ని పంచిపెట్టిన దేశంలో, కాళ్ళు లేని తల ఎవరి బొమ్మో చెప్పటానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. ఆ పంపకంలో కాళ్ళ దగ్గర కూడా చోటు దొరకనివాళ్ళకి ఈ బొమ్మలో ఎక్కడ చోటు దొరుకుతుంది?

'కృత్రిమ మేధ' అనే మాట సంగతి కూడా అంతే. తెలివి అనే మాట మనకి లేదా? వానొచ్చే జాడ కనిపెట్టటం తెలివి, తోలు ఊన్చటం తెలివి, డప్పు ఎంత కాగితే ఎట్లా మోగుతుందో తెలియటం తెలివి. వీటిని మేధ అని ఎవరూ అనలేదు. మేధ అనేది ఒక వర్గం తనకి తాను పెట్టుకున్న పేరు. యంత్రానికి కూడా ఆ పేరే పెట్టారు.

చీర కట్టిన యంత్రం

హాంకాంగ్ కంపెనీ హాన్సన్ రోబోటిక్స్ చేసిన సోఫియా అనే మరమనిషికి సౌదీ అరేబియా 2017 అక్టోబరులో పౌరసత్వం ఇచ్చింది. అదే ఏడు డిసెంబరులో ఐఐటీ బొంబాయి ఉత్సవానికి దాన్ని చీర కట్టి తీసుకొచ్చారు. 2018 ఫిబ్రవరిలో హైదరాబాదులో జరిగిన ప్రపంచ ఐటీ మహాసభలో వేదిక మీద కూర్చోబెట్టి మాట్లాడించారు. తలుపులకి తాళం వేసినట్టు దేశాలు మనుషులకి పౌరసత్వం బిగిస్తున్న కాలంలో ఒక బొమ్మకి పౌరసత్వం దొరికింది. సౌదీలో ఇళ్ళల్లో పాచిపని చెయ్యటానికి గోదావరి జిల్లాల నుంచీ కడప నుంచీ పోయిన ఆడవాళ్ళకి దొరకనిది, దొరుకుతుందని ఎవరూ కలలో కూడా అనుకోనిది, ఆ బొమ్మకి దొరికింది.

తర్వాత 2023లో టీవీ చానళ్ళ వంతు వచ్చింది. హిందీలో ఆజ్ తక్ 'సనా' అనే కృత్రిమ యాంకరుని దింపింది. ఒడిశాలో ఓటీవీ 'లీసా'ని దింపింది. మన తెలుగులో బిగ్ టీవీ 'మాయ'ని దింపింది. 2024లో కేరళలో ఒక బడిలో 'ఐరిస్' అనే టీచరమ్మ యంత్రం చీర కట్టుకుని వచ్చింది. వీళ్ళలో ఎవరి ఒంటిరంగూ చామన కూడా కాదు. లీసా, ఐరిస్ చీర కట్టుకున్న తీరు చూస్తే మర్యాదస్తుల ఇంటి పిల్ల అనిపించాలనే తాపత్రయం తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పుకోవాలి. ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి 2019లో మీడియా మీద ఒక అధ్యయనం చేశాయి. వాళ్ళు లెక్కలోకి తీసుకున్న 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాల చేతుల్లో వున్నాయి. దళితులు, ఆదివాసీలు ఒక్కరు కూడా లేరు. అటువంటి న్యూస్ రూముల్లో కొత్తగా ఒక కుర్చీ వేశారు. అందులో పుట్టని మనిషిని తెచ్చి కూర్చోబెట్టారు. జర్నలిజం చదివి ఏళ్ళ తరబడి స్ట్రింగరుగా మిగిలిపోయిన మాల మాదిగ పిల్లలకి లేని ఉద్యోగం అసలు లేని మనిషికి దొరికింది. పుట్టని మనిషికి కులం వుండదు గదా అని ఎవరయినా అనొచ్చు. పుట్టని మనిషిని గీసేటప్పుడు కూడా ఆ రంగు, ఆ కట్టు, ఆ యాసే తోచిందంటే కులం ఎక్కడుందో అక్కడే తెలుస్తోంది. గీసేవాడి చూపులో వుంది.

సోఫియా, పందికొక్కు

పేర్లలో వున్న కులాన్ని కూడా చూద్దాం. సోఫియా అంటే గ్రీకులో జ్ఞానం. సభల్లో కూర్చుని మాట్లాడే యంత్రం పేరు అది. కేరళలో జెన్‌రోబోటిక్స్ అనే సంస్థ ఇంకో యంత్రం చేసింది. మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగకుండా అది దిగి మురుగు ఎత్తిపోస్తుంది. 2018లో తిరువనంతపురంలో దాన్ని మొదలుపెట్టారు. దాని పేరు 'బ్యాండికూట్'. ఈ ఇంగ్లీషు మాట ఎక్కడిదో కాదు, మన తెలుగు 'పందికొక్కు' నుంచి పోయిందే. అంటే మాట్లాడే యంత్రం జ్ఞానం, మురుగు ఎత్తే యంత్రం పందికొక్కు.

ఈ పేరు పెట్టినవాళ్ళని తప్పుబట్టటం నా ఉద్దేశం కాదు. వాళ్ళు చేసింది మంచి పని. కృత్రిమ మేధ అని రాసిన ఏ వార్త పక్కన అయినా ఆ యంత్రం బొమ్మ ఎప్పుడయినా చూశారా అని అడుగుతున్నాను. ఏ మంత్రిగారయినా దాని పక్కన నిలబడి కరచాలనం చేసినట్టు కాలేజీ గోడ మీద వేశారా? వెయ్యరు. ఎందుకంటే అది నిగనిగలాడదు. సాలెపురుగులా కాళ్ళు చాపుకుని బొరియలోకి దిగుతుంది. తల లేదు, మొహం లేదు, దాని పనంతా కాళ్ళతోనూ చేతులతోనే. యంత్రాల్లో కూడా ఊరు, వాడ ఏర్పడ్డాయి.

నిజానికి ఈ దేశంలో ఏ యంత్రం ముందు రావాల్సింది? 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం పాకీపనిని నిషేధించాయి. బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ కోర్టులకెక్కి, వీధులకెక్కి పోరాడితే సుప్రీంకోర్టు 2014లో మురుగు చావులకి 10 లక్షల పరిహారం అన్నది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఇంత జరిగినా మ్యాన్‌హోల్లో ఊపిరాడక చనిపోయినవాడి వార్త ఆగలేదు. చదరంగం ఆడే యంత్రం ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ని 1997లోనే ఓడించింది. మ్యాన్‌హోల్లోకి దిగి మురుగు ఎత్తే ఈ యంత్రం 2018 దాకా రాలేదు. వచ్చాక కూడా అన్ని ఊళ్ళకీ చేరలేదు. టెక్నాలజీకి చేతకాక కాదు. ఆ పని చెయ్యటానికి ఒక కులం అందుబాటులో వుంది, మనిషి యంత్రం కన్నా చవగ్గా దొరుకుతున్నాడు. కులం శ్రమ విభజన ఒక్కటే కాదు, శ్రామికుల్నే మెట్లు మెట్లుగా విభజించటం అని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పాడు. ఏ యంత్రాన్ని ముందు కనిపెట్టాలో కూడా ఆ మెట్లే నిర్ణయిస్తున్నాయని ఇప్పుడు మనం దానికి చేర్చుకోవాలి.

పెట్టెలో మనిషి

తెల్ల బొమ్మ దాచే అసలు సంగతికి వద్దాం. 1770లో వియన్నాలో కెంపెలెన్ అనేవాడు చదరంగం ఆడే యంత్రాన్ని రాణి మరియా థెరీసాకి చూపించాడు. పెద్ద పెట్టె, దాని వెనక తలపాగా చుట్టిన తురకవాడి బొమ్మ. బొమ్మ చెయ్యి కదిపి ఎత్తు వేసేది. యూరప్ అంతా ఆశ్చర్యపోయింది. పెట్టెలో ఒక మనిషి ముడుచుకుని కూర్చుని ఆడేవాడనేది తర్వాత తేలింది. అమెజాన్ కంపెనీ 2005లో ఇంటర్నెట్ మీద చిల్లర పనులు చేయించుకునే సంత పెట్టి దానికి ఆ యంత్రం పేరే పెట్టుకుంది - మెకానికల్ టర్క్. సిగ్గు లేకుండా నిజం చెప్పింది ఆ ఒక్క పేరే.

యంత్రానికి చూపు నేర్పిన 'ఇమేజ్‌నెట్' అనే బొమ్మల కొట్టం 2009లో బయటికొచ్చింది. పెరిగి పెరిగి అందులో 1 కోటి 40 లక్షలకి పైగా బొమ్మలు చేరాయి. ఇది కుక్క, ఇది కుర్చీ, ఇది బండి అని ఒక్కొక్కదానికీ పేరు పెట్టింది ఎవరు? ఆ మెకానికల్ టర్క్ మీద 167 దేశాల నుంచి పనిచేసిన దాదాపు 49 వేలమంది కూలీలు. చాట్‌జీపీటీ బూతులు మాట్లాడకుండా వుండటానికి కెన్యాలో సామా అనే సంస్థ కింద పనిచేసినవాళ్ళు పసిపిల్లల మీద అత్యాచారాల వర్ణనలూ, హత్యల వర్ణనలూ రోజంతా చదివి వేరుచేశారు. వాళ్ళకి దక్కింది గంటకి 2 డాలర్ల లోపు. 2023 జనవరిలో టైమ్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. భువనేశ్వర్‌లో ఒక ఆఫీసులో కుర్రవాళ్ళు జనం పేగుల వీడియోలు చూస్తూ కంతి ఎక్కడుందో గీతలు గీసి యంత్రానికి నేర్పుతున్న తీరు 2019లో న్యూయార్క్ టైమ్స్ రాసింది.

యంత్రం శుభ్రంగా మాట్లాడాలంటే ఎవరో ఒకరు దాని మురికి ఎత్తాలి. కెన్యాలో జరిగింది అదే. ఇది కొత్త తరహా పాకీపని. పాత పాకీపనికి చీపురూ తట్టా వుండేవి, దీనికి కీబోర్డు వుంది. రెండిట్లోనూ షరతు ఒకటే: పని కనబడాలి, మనిషి కనబడకూడదు. తెల్లవారక ముందే వచ్చి వీధి ఊడ్చి పోవాలి. అందుకే ఆ తెల్ల బొమ్మలో ఒక్క కూలీ కూడా వుండడు. మనిషి వేలు, యంత్రం వేలు అంటుకోబోయే ఆ బొమ్మలో మనిషిది నాజూకు వేలు. 49 వేలమంది చేతులు ఆ చట్రం బయటే వుండిపోయాయి. యంత్రాన్ని అంటటానికి అంత ఆరాటపడే చెయ్యి, దాన్ని తయారుచేసిన చేతులకి అంటు పాటిస్తోంది.

చిట్టి, బుజ్జి

మన సినిమాలు కూడా ఇదే దారిలో నడిచాయి. శంకర్ తీసిన 'ఎందిరన్' 2010లో తెలుగులో 'రోబో'గా వచ్చింది. అందులో మరమనిషి పేరు చిట్టి. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లో హీరో బండికి మెదడయిన యంత్రం పేరు బుజ్జి. చిట్టి, బుజ్జి - రెండూ ముద్దు పేర్లు. నౌకరు యంత్రమయితే పేరులో ఇంత ముద్దు వుంటుంది. అదే పని చేసే పాలేరుని మన ఊళ్ళల్లో ఏమని పిలిచారు? పేరు చివర 'గాడు' తగిలించి పిలిచారు. ఎంత ముసలివాడయినా 'ఒరేయ్' అనే అన్నారు. చిన్న పేరు పెట్టటం రెండుచోట్లా వుంది. యంత్రానికి పెట్టిన చిన్న పేరులో ముద్దు వుంటే, మనిషికి పెట్టిన చిన్న పేరులో ఎడం వుంది.

'రోబో'లో ఒక ఘట్టం చాలామందికి గుర్తుండే వుంటుంది. పేదలుండే ఇళ్ళకి నిప్పంటుకుంటుంది. చిట్టి లోపలికి దూకి ఒక్కొక్కర్నీ బయటికి తెస్తుంది. స్నానం చేస్తున్న ఒక అమ్మాయిని బట్టల్లేకుండా అట్లాగే ఎత్తుకొస్తుంది. కెమెరాలు చుట్టుముడతాయి. ఆ పిల్ల సిగ్గుతో పరుగెత్తి బండి కింద పడి చనిపోతుంది. ఆ తర్వాత కథ ఎవరి గురించి నడిచింది? చనిపోయిన పిల్ల గురించి కాదు. యంత్రానికి మనిషి భావాలు లేవు, ఎట్లా నేర్పాలి అని శాస్త్రవేత్త పడే బాధ గురించి. బస్తీ పిల్ల చావు యంత్రం చదువుకి ఒక పాఠం అయింది, అంతే. ఇవాళ నిజంగా జరుగుతున్నది కూడా దీనికి దూరంగా లేదు. పేదవాళ్ళ మీద ప్రయోగం జరుగుతుంది, యంత్రం బాగుపడుతుంది.

యంత్రం గీసిన మన బొమ్మ

ఇప్పటిదాకా యంత్రాన్ని మనుషులు ఎట్లా గీస్తున్నారో చూశాం. యంత్రం మనుషుల్ని ఎట్లా గీస్తోంది? ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక 2025 అక్టోబరులో ఓపెన్‌ఏఐ కంపెనీ యంత్రాల్ని పరీక్షించింది. ఖాళీలు పూరించమని 105 వాక్యాలు ఇస్తే జీపీటీ-5 అనే యంత్రం 80 వాక్యాల్లో కులం గురించి లోకంలో వున్న పాత చెత్తనే నింపింది. బొమ్మలు గీసే 'సోరా'ని బ్రాహ్మణ వృత్తి గియ్యమంటే తెల్లని పంచె కట్టి పుస్తకం చదివే ఎర్రటి పూజారిని గీసింది. దళిత వృత్తి గియ్యమంటే చీపురు పట్టుకున్న, లేకపోతే మ్యాన్‌హోల్లో దిగిన నల్లటి మనిషిని గీసింది. దళిత ప్రవర్తన గియ్యమంటే కొన్నిసార్లు కుక్క బొమ్మ గీసి ఇచ్చింది.

యంత్రానికి ద్వేషం వుండదు అంటారు. నిజమే. దానికి మేసినదే వుంటుంది. వందేళ్ళుగా పత్రికలూ, సినిమాలూ, పుస్తకాలూ దళితుడిని బాధితుడుగానో పాకీవాడుగానో తప్ప చూపించలేదు. పాఠం చెప్పే దళితుడి ఫోటో, గుండె ఆపరేషన్ చేసే దళితుడి ఫోటో వున్నా దాని కింద కులం రాసి వుండదు. మురుగులో దిగినవాడి ఫోటో కింద మాత్రం రాసి వుంటుంది. ఈ కొట్టం మేసిన యంత్రం ఇంకేం గీస్తుంది? ఇక్కడ లెక్క రెండు వైపులా సరిపోయింది. మనుషులు యంత్రాన్ని తెల్లగా గీశారు, యంత్రం మనల్ని చీపురుతో గీసింది. గీసిన చెయ్యి ఒక్కటే.

మొహం లేని యంత్రం

బొమ్మ మూలంగా వచ్చే అసలు నష్టం ఇప్పుడు చెప్పాలి. మరమనిషి వచ్చి మానవజాతిని తుడిచిపెడుతుందా అని పెద్దపెద్దవాళ్ళు చర్చలు పెడుతున్నారు. 2023 మేలో కంపెనీల అధిపతులే సంతకాలు చేసి, ఈ ముప్పుని అంటురోగాలతో, అణుయుద్ధంతో సమానంగా చూడాలని ప్రకటన ఇచ్చారు. జనం మనసులో కూడా ఇదే బొమ్మ పడింది. యంత్రం అంటే ఎర్ర కళ్ళతో తలుపు తన్నుకుని వచ్చేది.

తెలంగాణలో అది అట్లా రాలేదు. 'సమగ్ర వేదిక' అనే కంప్యూటరు వ్యవస్థ రకరకాల రికార్డుల్ని కలిపి, ఎవరికి కారుందో ఎవరికి ఇల్లుందో తనే తేల్చింది. లక్షల రేషన్ కార్డులు నోటీసయినా లేకుండా పోయాయి. సుప్రీంకోర్టు 2022లో దాదాపు 19 లక్షల కార్డుల్ని మళ్ళీ తనిఖీ చెయ్యమని చెప్పాల్సి వచ్చింది. ఆ ఇళ్ళకి ఏ మరమనిషీ రాలేదు. డీలరు దగ్గరికి పోతే 'నీ పేరు లేదు' అన్నాడు. అంతే. హైదరాబాదులో ఎస్.క్యూ. మసూద్‌ని 2021 లాక్‌డౌన్‌లో పోలీసులు రోడ్డు మీద ఆపి, మాస్కు తియ్యమని, వద్దంటున్నా ఫోటో తీసుకున్నారు. ముఖాల్ని గుర్తుపట్టే యంత్రాలు వాడటం మీద ఆయన తెలంగాణ హైకోర్టుకి వెళ్ళాడు. అక్కడ కూడా యంత్రం మరమనిషిలా లేదు. పోలీసు చేతిలో ఫోనులా వుంది.

జనానికి చూపిస్తున్న కృత్రిమ మేధకి మొహం వుంది. జనం మీద పనిచేస్తున్న కృత్రిమ మేధకి మొహం లేదు. మొదటిదానికి భయపడమనో, చప్పట్లు కొట్టమనో చెబుతున్నారు. రెండోదాని పేరు కూడా చెప్పటం లేదు. తన కార్డు కొట్టేసింది ఆఫీసరో, డీలరో, కంప్యూటరో తెలియని ముసలమ్మ ఎవరి మీద కొట్లాడుతుంది? మొహం లేనివాడి మీద దరఖాస్తు పెట్టటం కుదరదు. బొమ్మని విమర్శించటం కళావిమర్శ సరదా కాదు, రేషన్ బియ్యం ప్రశ్న అని చెప్పేది అందుకే.

రంగు మారిస్తే చాలదు

'అయితే మరమనిషికి నల్ల రంగు వెయ్యమంటారా?' అని అడిగేవాళ్ళుంటారు. వద్దు. నౌకరు యంత్రానికి నల్ల తోలు తొడగటం రాస్టస్‌తోనే చూశాం. మాయ పక్కన ఒక నల్లటి మాయని కూర్చోబెట్టినా న్యూస్ రూములో ఆ 121 కుర్చీల లెక్క మారదు. 'తెలుపు ప్లాస్టిక్కు రంగు, ఫ్రిజ్జు కూడా తెల్లగానే వుంటుంది' అని ఇంకొందరంటారు. ఫ్రిజ్జుకి ముక్కూ మొహం పెట్టి, చీర కట్టి, పౌరసత్వం ఇస్తే ఆ మాట ఒప్పుకుందాం.

ఇంగ్లండులో కొందరు 2021లో 'కృత్రిమ మేధకి మెరుగయిన బొమ్మలు' అనే అర్థమొచ్చే పేరుతో ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. మెదడు, తెల్ల మరమనిషి వద్దని, పనిచేసే మనుషుల్నీ, గనుల్నీ, కెమెరాల్నీ చూపించే బొమ్మల్ని ఉచితంగా ఇస్తున్నారు. మంచిదే. కులాన్ని గియ్యటం మాత్రం మన పని.

బొమ్మ విలువ మనకి ఎవరో చెప్పక్కర్లేదు. ఊరి మధ్యలో అంబేడ్కర్ బొమ్మ పెట్టుకోవటానికి కేసులు మోశాం, దెబ్బలు తిన్నాం. సూటు వేసుకుని, చేత రాజ్యాంగం పట్టుకుని, వేలు చూపిస్తూ నిలబడ్డ ఆ మనిషిని చూసి ఊళ్ళో పెత్తందారులు ఎందుకు ఉడికిపోయారు? తల ఎవరిదో, చెయ్యి ఎవరిదో మను రాసిపెట్టిన లెక్కని ఆ బొమ్మ తలకిందులు చేసింది కాబట్టి. ఆ నీలం మనది. కంపెనీ బొమ్మ వెనక వెలిగే నీలం మనది కాదు.

టీచర్లు రేపు క్లాసులో పిల్లల్ని కృత్రిమ మేధ బొమ్మ గియ్యమనండి. తెల్ల మరమనిషిని గీస్తారు. కొట్టెయ్యొద్దు. దాని పక్కనే దీనికి నేర్పిన కూలీ ఎక్కడ, దీనికి రాగి తవ్వినవాడు ఎక్కడ, ఇది పేరు కొట్టేసిన ఇల్లు ఎక్కడ అని అడిగి ఆ మూడూ కూడా గియ్యమనండి. విద్యార్థులు తమ కాలేజీ గోడ మీద ఆ మెదడు బొమ్మ వేసినవాళ్ళని అడగండి. కార్యకర్తలు రేషన్, పింఛను, పోలీసు కేసుల మీద వెళ్ళినప్పుడు, ఈ నిర్ణయం మనిషి చేశాడా యంత్రం చేసిందా, ఏ రికార్డు చూసి చేసింది, ఎవరు సంతకం పెట్టారు అని సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. ఆ జవాబు ఒక్కొక్కటీ యంత్రానికి మొహం గీస్తుంది.

వెట్టిని 1976లో చట్టం చేసి రద్దు చేశారు. యంత్రానికి మాత్రం వెట్టి అనే పేరే మిగిలింది. ఆ పేరు వెనకాల ఇవాళ ఎవరు వెట్టి చేస్తున్నారో బొమ్మలో కనబడేదాకా ఆ బొమ్మని నమ్మొద్దు.